‘లవ్ అండ్ రాకెట్స్’ మొదటి పుస్తకంలోనే ఆగిపోయారా? అయితే ఇలా చదవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 40 ఏళ్లకు పైగా వస్తున్న ‘లవ్ అండ్ రాకెట్స్’ అనే అమెరికన్ కామిక్ ప్రేమల గురించి, మనుషుల మధ్య బంధాల గురించి అని విని మొదటి పుస్తకం తెప్పించుకున్నారు. తెరిస్తే రాకెట్, డైనోసార్, నెత్తి మీద కొమ్ములున్న కోటీశ్వరుడు. ఇదేం ప్రేమకథరా బాబూ అని పక్కన పడేశారు. ఇప్పుడు అదే కామిక్‌లో చాలా ఏళ్ల తర్వాత వచ్చి, అందరూ తెగ పొగిడే ‘ద లవ్ బంగ్లర్స్’ అనే కథ ఒక్కటి చదివేస్తే పనైపోతుందా అంటున్నారు.

పనైపోదు. ఆ కథ ఒక్క పూటలో చదివేస్తారు, బాగానే ఉంది అనుకుంటారు, పుస్తకం మూసేస్తారు. అది చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లంతా అంతకుముందు 30 ఏళ్లుగా ఆ మనుషుల్ని చూస్తూ వచ్చినవాళ్లు. మీరు సరాసరి అక్కడికి వెళ్తే వాళ్లకి కలిగింది మీకు కలగదు. పైగా కథ తెలిసిపోయింది కాబట్టి తర్వాత వెనక్కొచ్చి చదివినా ఆ దెబ్బ తగలదు.

నేను యానిమేషన్‌లో స్టోరీబోర్డులు, అంటే సీన్లని ముందుగా వరస బొమ్మల్లో, గీసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. సీన్ ఎక్కడ కట్ చెయ్యాలో కొత్తగా చేరిన పిల్లలకి చెప్పాల్సి వస్తే ఈ కామిక్ పేజీలే ముందు పెడతాను. అందుకని నా సమాధానం కాస్త బొమ్మల వైపు మొగ్గుతుంది.

ముందుగా ఒక విషయం. ఒకే పేరు కింద ఇక్కడ ఇద్దరు అన్నదమ్ముల రెండు వేర్వేరు లోకాలున్నాయి. గిల్బర్ట్ హెర్నాండెజ్ 1957లో, హైమే హెర్నాండెజ్ 1959లో పుట్టారు. లాస్ ఏంజెలెస్‌కి ఆ పక్కన సముద్రం ఒడ్డున ఉన్న ఆక్స్‌నార్డ్ వాళ్ల ఊరు. మెక్సికన్ మూలాలున్న పెద్ద కుటుంబం. వాళ్లమ్మ చిన్నప్పుడు కామిక్స్ పిచ్చిది, పిల్లలు కామిక్స్ చదువుతుంటే లాగి పారేసే రకం కాదు. కుర్రతనంలో అన్నదమ్ములు పంక్ సంగీతంలో పడ్డారు. ఎవరూ పిలిచి అవకాశం ఇవ్వక్కర్లేదు, చేతికొచ్చింది మనమే చేసి జనంలోకి వదలొచ్చు అనే ధైర్యం అక్కడే వచ్చిందని ఇద్దరూ చెబుతుంటారు. పెద్దన్న మారియో పూనుకోగా 1981లో సొంత ఖర్చుతో ఒక సంచిక అచ్చు వేశారు. ‘ద కామిక్స్ జర్నల్’ అని అప్పట్లో ఎవర్నీ వదలకుండా ఉతికేసే విమర్శ పత్రిక ఒకటుండేది. దానికి సమీక్ష కోసం కాపీ పంపితే, ఆ పత్రిక నడిపే గ్యారీ గ్రాత్ ఏకంగా తనే ప్రచురిస్తానన్నాడు. అలా 1982లో అతని ప్రచురణ సంస్థ ఫాంటాగ్రాఫిక్స్ నుంచి మొదటి సంచిక వచ్చింది. 1996 దాకా 50 సంచికలు. కొన్నేళ్లు ఎవరి పుస్తకాలు వాళ్లు చేసుకుని 2001లో మళ్లీ కలిశారు. 2008 నుంచి ఏడాదికొక లావుపాటి సంచిక, 2016 నుంచి తిరిగి పాత పత్రిక సైజు. 2017లో కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ పురస్కారాల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి అన్నదమ్ములిద్దర్నీ కలిపి తీసుకున్నారు. బ్రిటన్‌లో ఇదే పేరుతో ఒక రాక్ బ్యాండ్ ఉందని మీకు తెలిసే ఉంటుంది. పేరు కామిక్ నుంచి బ్యాండ్‌కి వెళ్లింది.

ఇక మీకు చిరాకు తెప్పించిన రాకెట్ల సంగతి. హైమే మొదలుపెట్టినప్పుడు చిన్నప్పటి నుంచి తనకి ఇష్టమైనవన్నీ ఒకే కథలో కుక్కాడు. సైన్స్ ఫిక్షన్, ఆడవాళ్ల కుస్తీ పోటీలు, పంక్ అమ్మాయిలు, సూపర్ హీరోలు, అన్నీ. మ్యాగీ అనే కుర్ర మెకానిక్ రాకెట్లు బాగుచేసే ఉద్యోగంలో దూరదేశం వెళ్తుంది. ‘మెకానిక్స్’ అనే ఆ తొలి పెద్ద కథని ఇంకోసారి తీసి చూడండి. కథంతా మ్యాగీ తన స్నేహితురాలు హోపీకి రాసే ఉత్తరాల్లో నడుస్తుంది. అక్కడ తినే తిండి, తనకి నచ్చిన అందగాడు రాండ్ రేస్, ఇంటి మీద బెంగ. డైనోసార్ పక్కనే ఉన్నా ఉత్తరం మాత్రం హోపీ కోసమే. ఆ ఉత్తరాలే అసలు కథ. కొద్ది సంచికలు తిరిగేసరికి హైమేకి కూడా అది అర్థమైంది. రాకెట్లు మెల్లగా ఫ్రేమ్‌లోంచి తప్పుకున్నాయి. అద్దె కట్టలేని అమ్మాయిలు, ఎవరి సోఫా మీద పడుకోవాలో తెలియని రాత్రులు, పక్కింటి కుర్రాళ్లు, వీధి గ్యాంగులు మిగిలాయి. ఊరి పేరు హ్యుయెర్టా. అక్కడివాళ్లు హాపర్స్ అంటారు. ఆక్స్‌నార్డ్‌కే మారుపేరు అనుకోండి.

ఈయన గీతలో మనకి బాగా తెలిసిన చుట్టం ఒకరున్నారు. రైల్వే బుక్‌స్టాళ్లలో ఆర్చీ కామిక్స్ కొనుక్కున్న తరం మనది. హైమే బొమ్మల్లో ఆ శుభ్రమైన గీత, గుండ్రటి ముఖాలు, నిలబడే తీరు చూస్తే ఆర్చీ బొమ్మలేసిన డాన్ డికార్లో వెంటనే గుర్తొస్తాడు. హైమే కూడా ఆ మాట దాచుకోలేదు. అయితే ఆర్చీ 1941లో పుట్టాడు. వాడి మనసులో ఉన్న ఇద్దరమ్మాయిల్లో బెట్టీనా, వెరోనికానా అనేది ఇన్ని దశాబ్దాలైనా తేల్లేదు, తేలదు కూడా, ఎందుకంటే వాళ్లకి వయసు రాదు. హైమే ఆ గీతే తీసుకుని అందులోకి వయసుని వదిలాడు. మ్యాగీ మొదట్లో టీనేజ్ దాటీ దాటని పిల్ల. ఇప్పుడు 50 దాటిన మనిషి. మధ్యలో లావైంది, తగ్గింది, మళ్లీ లావైంది. జుట్టు ఎన్నిసార్లు మార్చిందో లెక్కలేదు. 80ల్లో సన్నటి నడుముతో ఉన్న అమ్మాయి ఒక్కో సంచికకీ కాస్త బరువెక్కుతూ వస్తే పాఠకులు ఉత్తరాలు రాసి మరీ గొడవ చేశారు. ఆయన పట్టించుకోలేదు. స్నేహితులు ఆమె ముందే ఆ మాట అంటారు, ఆమె బాధపడుతుంది, బాధపడుతూనే ఇంకో ప్లేట్ లాక్కుంటుంది. అంత లావైనా ఆమె మీద మోజు పడేవాళ్లకి తక్కువ లేదు. అందంగా గీయడమంటే సన్నగా గీయడమే అనుకునే మా ఫీల్డ్ కుర్రాళ్లకి ఆ పేజీలు చూపిస్తే కాసేపు మాట రాదు.

వయసు పెరిగే కామిక్ ఇదే మొదటిది అనడం మాత్రం తప్పు. ‘గ్యాసొలిన్ ఆలీ’ అనే పత్రికల స్ట్రిప్‌లో 1921లో గుమ్మం ముందు దొరికిన పసివాడు నిజమైన కాలంతో పాటే పెరిగి పెద్దవాడయ్యాడు. కెనడాలో లిన్ జాన్‌స్టన్ 1979 నుంచి గీసిన ‘ఫర్ బెటర్ ఆర్ ఫర్ వర్స్’లోనూ పిల్లలు పెరిగారు, కుక్క ముసలిదై చనిపోయింది. అవి రోజూ పేపర్లో వచ్చేవి. ప్రతి పుట్టినరోజూ, ప్రతి జ్వరమూ మనకి చెప్పి జరిగేవి. హైమే దగ్గర ఆ సౌకర్యం లేదు. ఏడాదికి కొన్ని సంచికలు, ఒక్కోసారి ఏడాదికి ఒక్కటే. అందుకని ఆయన మధ్యలో జరిగినవి చెప్పడం మానేశాడు.

పెళ్లిళ్లలో కలిసే దూరపు చుట్టాల్లాగే ఉంటుంది వ్యవహారం. ఐదేళ్ల కిందట పక్కన భర్తతో కనిపించిన అమ్మాయి ఈసారి ఒక్కతే వస్తుంది. ఎవరూ పిలిచి కారణం చెప్పరు. వంటల దగ్గర ఒక మాట, బస్సులో ఒక మాట విని మనమే అతుక్కుంటాం. మ్యాగీకి ఒకసారి పెళ్లయిందనీ, అది పోయిందనీ మనకి తెలిసేది ఇలాగే. హీరోయిన్ పెళ్లి! ఏ సీరియల్ రచయితైనా పది వారాలు లాగే ఘట్టం. ఈయన దాన్ని తెర వెనక జరిపించి, తర్వాతెప్పుడో మాటల మధ్యలో బయట పెడతాడు.

మొదటి పుస్తకం మీ దగ్గర ఉంది కదా, దాన్ని అలాగే ఉంచండి. నేను మిమ్మల్ని మొదలుపెట్టమనేది పాత సంచికల కథల్ని పుస్తకాలుగా కూర్చిన ‘లైబ్రరీ’ ఎడిషన్లలో హైమేది రెండో పుస్తకం ‘ద గర్ల్ ఫ్రమ్ హాపర్స్’తో. మ్యాగీ, హోపీ స్నేహితులు, అప్పుడప్పుడు ప్రేమికులు, ఎక్కువసార్లు ఆ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటారు. ఈ రెండు ముక్కలు తెలిస్తే చాలు, మిగతాది పుస్తకమే చెబుతుంది. హోపీ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తుంది, ఎవర్నీ లెక్క చెయ్యదు, ప్రేమ అనే మాట నోటివెంట రాదు. మ్యాగీకి అన్నీ బయటికే, ఏడుపు కూడా.

అందులోని ‘ద డెత్ ఆఫ్ స్పీడీ’ దగ్గర కాస్త ఆగి చదవండి. పేరులోనే చావు ఉంది కాబట్టి నేను బయటపెట్టేదేం లేదు. హోపీ బ్యాండ్‌తో ఊళ్లు పట్టుకుని తిరుగుతోంది, మ్యాగీ హాపర్స్‌లో మిగిలిపోయింది. స్నేహితురాలు ఇజ్జీ తమ్ముడు స్పీడీ అంటే ఆమెకి చిన్నప్పటి నుంచీ ఇష్టం. వాడేమో మ్యాగీ చెల్లెలు ఎస్తర్‌తో తిరుగుతుంటాడు, ఆ పిల్ల వల్ల పక్క ఊరి గ్యాంగ్‌తో తగాదా ముదురుతుంది. చివరికొచ్చేసరికి రాత్రి పూట స్పీడీ మ్యాగీ దగ్గరికి వస్తాడు. ఇద్దరూ మనసులో ఉన్నదంతా కక్కేసుకుంటారు. ఇన్నేళ్లు ఆమె వినాలనుకున్న మాట, వినకూడని సమయంలో వింటుంది. తర్వాత వాడి చావు మన కళ్ల ముందు జరగదు. తుపాకీ ఎత్తినట్టు గానీ, రక్తం గానీ, ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చే సీన్ గానీ లేవు. ఊళ్లోవాళ్ల మాటల్లో తెలుస్తుంది. ఎలా జరిగిందో కూడా ఆయన కుండబద్దలు కొట్టి చెప్పడు. ఆ తర్వాత కథ కొన్నేళ్లు వెనక్కెళ్లి, అందరూ ఇంకా కుర్రాళ్లుగా ఉన్న రోజుల్లో ఆగుతుంది. స్టోరీబోర్డులో ఈ కట్ నేను ప్రపోజ్ చేస్తే ఏ నిర్మాతా ఒప్పుకోడు, ‘మెయిన్ సీనే ఎగరగొట్టావేంటయ్యా’ అంటారు. మెయిన్ సీన్ ఆ రాత్రి మాటలే. తుపాకీ సంగతి మీ ఊహకి వదిలేస్తే దాని బరువు ఎన్ని పేజీలైనా మీతో వస్తుంది.

ఈ కథలోనే రే డొమింగెజ్ అనే కుర్రాడు ఊరికి తిరిగొస్తాడు. బొమ్మలు వేసేవాడు, నెమ్మదస్తుడు, పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. అతని మీద ఒక కన్నేసి ఉంచండి. మ్యాగీ, అతనూ కొంతకాలం కలిసుంటారు, నిలవదు. తర్వాత ఏళ్ల తరబడి అతను ఆమె గురించి లోపల అనుకుంటూనే ఉంటాడు. హైమే పాత్రల్లో మనసులో మాట ఇంత ధారాళంగా మనకి వినిపించేది రే దగ్గరే. మ్యాగీ మనసు మాత్రం ముఖం చూసి మనమే చదువుకోవాలి.

మూడో పుస్తకం ‘పెర్లా లా లోకా’ కొంచెం కష్టమే, చెబుతున్నాను. అందులో ‘విగ్‌వామ్ బామ్’ అనే పెద్ద కథలో మ్యాగీ మొదట్లోనే మాయమైపోతుంది. చాలాకాలం పాఠకులు ఆమె కోసం చూశారట. అందరూ ఆమె గురించి మాట్లాడుకుంటారు, ఆమె మాత్రం కనబడదు. హోపీ ఫోటో ‘తప్పిపోయారు’ అంటూ పాల డబ్బా మీదకెక్కుతుంది. అమెరికాలో 80ల్లో తప్పిపోయిన పిల్లల ఫోటోలు అలా పాల డబ్బాల మీద వేసేవారు. ఇద్దరు మనుషులు విడిపోతే వాళ్ల చుట్టూ ఉన్న గుంపు ఎలా చెదిరిపోతుందో చూపించడానికి ఇంత మొండి పద్ధతి ఇంకెవరూ ఎంచుకోరేమో. ఓపిక పట్టండి. 1996లో 50వ సంచికలో ఆ ఇద్దరూ మళ్లీ ఎదురుపడేది పోలీసు కారు వెనక సీట్లో.

నాలుగు, ఐదు పుస్తకాలు ‘పెన్నీ సెంచరీ’, ‘ఎస్పెరాన్జా’. నాలుగోది సరదా ఎక్కువ, త్వరగా అయిపోతుంది. ఐదోది నాకు అన్నిటికన్నా ఇష్టం. మ్యాగీ ఒక అపార్ట్‌మెంట్‌కి మేనేజర్‌గా చేరి పైపులు లీకైతే పరిగెత్తే మనిషైంది. హోపీ స్కూల్లో టీచర్‌కి సాయంగా ఉండే ఉద్యోగానికి తయారవుతోంది. 20 ఏళ్ల కిందట గోడల మీద పెయింట్ కొట్టి పారిపోయిన పిల్ల, పిల్లల ముందు ఎలా నిలబడాలా అని టెన్షన్ పడుతుంటుంది. సంఘటనలంటూ పెద్దగా ఉండవు. నలభైకి దగ్గరపడేవాళ్లెవరైనా అది చదివి మామూలుగా ఉండగలరా అని నా అనుమానం.

ఇక మీరు అడిగిన ‘లవ్ బంగ్లర్స్’. ఇది 2010, 2011 సంచికల్లో వచ్చింది. ఇప్పుడు ఆరో పుస్తకం ‘ఏంజెల్స్ అండ్ మ్యాగ్‌పైస్’లో ఉంది. ఇక్కడి నుంచి రెండు పేరాలు కథ బయటపెడతాను, వద్దనుకుంటే దాటేయండి.

2010 సంచికలో హైమే ఒక పని చేశాడు. మొదట ‘లవ్ బంగ్లర్స్’ ఒక భాగం. నడివయసు మ్యాగీ, సొంతంగా ఒక గ్యారేజీ పెట్టుకోవాలనే ఆశ, మళ్లీ దగ్గరవుతున్న రే. దాని తర్వాత ‘బ్రౌన్‌టౌన్’ అని మ్యాగీ చిన్ననాటి కథ. నాన్న ఉద్యోగం కోసం కుటుంబం వేరే ఊరు వెళ్తుంది. నాన్నకి ఇంకొకరితో సంబంధం ఉందని చిన్న మ్యాగీకి తెలిసిపోతుంది. ఆమె తమ్ముడు కాల్విన్‌ని ఒక పెద్ద కుర్రాడు లైంగికంగా హింసిస్తుంటాడు, ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్లాడి ముఖంలో మార్పు కనిపిస్తూనే ఉంటుంది, పెద్దవాళ్ల గొడవల్లో ఎవరూ చూడరు. చూసేది మనం ఒక్కళ్లమే. ఆ తర్వాత మళ్లీ ‘లవ్ బంగ్లర్స్’ రెండో భాగం. ఆ క్రమం చెడగొట్టి చదివితే కథకి నడుం విరిగినట్టే. వీధుల్లో బతికే ఒక మనిషి మ్యాగీ చుట్టుపక్కల తచ్చాడుతుంటాడు, అతనెవరో మధ్యలో ఉన్న ఆ పాత కథ చదివినవాళ్లకే అర్థమవుతుంది. అక్కని కాపాడుతున్నాననుకుని అతను రే తల మీద కొడతాడు.

2011 సంచిక చివరి భాగంలో ఎదురెదురుగా రెండు పేజీలున్నాయి. ఒక్కో పేజీకి తొమ్మిది ప్యానెల్స్, అంటే బొమ్మల గళ్లు, అన్నీ ఒకే సైజు. ఒక పక్క మ్యాగీ, ఇంకో పక్క రే. చిన్నతనం నుంచి ఇప్పటిదాకా. ఆ బొమ్మలు ఇన్నేళ్లలో మనం వేర్వేరు కథల్లో చూసిన క్షణాలని గుర్తు చేస్తాయి. కొన్ని స్పీడీ కథ నాటివి, కొన్ని ఇద్దరూ కలిసున్న రోజులవి. ఒక పక్క ప్యానెల్‌కి ఎదురు పక్క ప్యానెల్ జవాబు చెబుతున్నట్టుంటుంది, ఒకరు చూస్తే ఇంకొకరు చూడబడుతున్నట్టు. వివరించే మాటలేం ఉండవు. మొదటిసారి చదివేవాళ్లకి అది పద్దెనిమిది ముఖాల వరస. పాత పుస్తకాలు చదివినవాళ్లకి ఒక్కో ముఖం వెనక ఒక్కో పుస్తకం లేస్తుంది. అందుకే ముందు అది చదవొద్దన్నది. ఆ రెండు పేజీలు గీయడానికి హైమేకి ఎన్ని రోజులు పట్టిందో గానీ, వాటిని సంపాదించడానికి 30 ఏళ్లు పట్టింది.

కథ అక్కడితో ముగిసిందని చాలామంది అనుకున్నారు. కాలం ఆగదు కదా, ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. 2019లో పుస్తకంగా వచ్చిన ‘ఈజ్ దిస్ హౌ యూ సీ మీ?’లో మ్యాగీ, హోపీ తమ తమ ఇంటివాళ్లని వదిలి, పాత పంక్ మిత్రులంతా కలిసే ఒక పార్టీ కోసం రెండు రోజులు హాపర్స్ వెళ్తారు. హోపీకి భార్య, కొడుకు ఉన్నారు. మ్యాగీకి రే ఉన్నాడు. ఇద్దరూ తొలిసారి కలిసిన రోజుల కథ మధ్యమధ్యలో వచ్చిపోతుంటుంది. చిన్నప్పటి గీత గుండ్రంగా, నల్లటి ఇంకు నిండుగా ఉంటుంది. ఇప్పటి పేజీల్లో ముఖాల మీద గీతలు తక్కువే, అయినా మెడ దగ్గర, కళ్ల కింద ఒక్కో చిన్న గీత వయసంతా చెప్పేస్తుంది. రే దగ్గరికే చేరిందిగా, మరి హోపీ ఏమైనట్టు అని ‘లవ్ బంగ్లర్స్’ తర్వాత అడిగినవాళ్లకి ఇదే జవాబు. ఆ ఇద్దరి మధ్య ఉన్నదానికి పెళ్లి, విడాకులు లాంటి ఖాతాలు సరిపోవు. నా మటుకు నాకు 40 ఏళ్ల ఈ కథలో అసలు జంట ఆ ఇద్దరే. రే అభిమానులు నాతో గొడవకొస్తారు, రానీండి.

గిల్బర్ట్ సంగతి తక్కువలో చెబుతాను. ఆయన ప్రతిభ తక్కువని కాదు, మీ ప్రశ్నకి హైమేనే దగ్గర కాబట్టి. గిల్బర్ట్ లోకం పాలోమార్. అమెరికా సరిహద్దుకి దిగువన ఎక్కడో ఉన్న చిన్న పల్లె, ఏ దేశమో చెప్పడు. 1983 నాటి ‘హార్ట్‌బ్రేక్ సూప్’తో మొదలవుతుంది. లూబా అనే ఆవిడ పిల్లల్ని వేసుకుని ఆ ఊరొచ్చి, జనానికి స్నానాలు చేయించే పని మొదలుపెడుతుంది. చేతిలో సుత్తితో తిరుగుతుంది, నోరు తెరిస్తే ఎవరూ ఎదురు నిలబడరు. హైమే ఇద్దరు ముగ్గురు మనుషుల్ని పట్టుకుని ఏళ్లు నడిస్తే, గిల్బర్ట్ ఊరు ఊరంతటినీ పట్టుకుంటాడు. పెంకు లేని నత్తల్ని వేయించి అమ్మే టొనాన్‌ట్సిన్ ఒక కథలో నవ్విస్తుంది, ‘హ్యూమన్ డయాస్ట్రోఫిజమ్’లో ఆమె చేసే పనికి మీకు నిద్ర పట్టదు. దాంపత్యం గురించి చదవాలంటే మాత్రం కార్మెన్, హెరాక్లియోల కథలు వెతుక్కోండి. ఆవిడ పొట్టిది, కోపిష్టి. అతను మెతక, పుస్తకాల మనిషి. లూబా కూతుళ్లలో ఒకరికి తనే తండ్రినన్న విషయం కడుపులో దాచుకుని కాపురం చేస్తుంటాడు. ఊరు చిన్నది, ఆ పిల్ల రోజూ కళ్ల ముందే పెరుగుతుంటుంది. ఇది తెలిసి చదివితే మామూలు డిన్నర్ సీన్ కూడా వేరేగా కనిపిస్తుంది.

ఇద్దర్నీ 80ల్లో పాఠకులు చదివినట్టు ఒకే సంచికలో మార్చి మార్చి చదవాలని పట్టుబట్టేవాళ్లున్నారు. వాళ్ల వాదనలో పస లేకపోలేదు, అన్నదమ్ములు ఒకరి కథ చూసి ఒకరు పోటీ పడిన ఊపు అప్పుడే తెలుస్తుంది. కొత్తవాళ్లకి నేను ఆ దారి చెప్పను. పాత్రల పేర్లే వందకి దగ్గరగా ఉంటాయి, రెండు లోకాలూ కలిపితే తికమకే.

కొన్ని జాగ్రత్తలు. ఇది పెద్దవాళ్ల కామిక్. ఇద్దరి పుస్తకాల్లోనూ శృంగారం, బూతులు ఉన్నాయి, గిల్బర్ట్‌వి ఇంకా ఎక్కువ. అట్ట మీద బొమ్మ చూసి పిల్లల పుస్తకమనుకుని హాల్లో టీపాయ్ మీద పెట్టకండి. దిగుమతి పుస్తకాలు కాబట్టి ధర ఎక్కువే. డిజిటల్‌లో కొంటే కొంత కలిసొస్తుంది. అలా కొన్నప్పుడు ఒక్కో ప్యానెల్‌ని పెద్దది చేసి చూపించే సెట్టింగ్ ఆఫ్ చేసి, పెద్ద స్క్రీన్ మీద రెండు పేజీలు పక్కపక్కనే వచ్చేలా పెట్టుకోండి. ఫోన్‌లో చదివితే నేను పైన చెప్పిన ఆ ఎదురెదురు పేజీలు విడిపోయి, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇన్ని పుస్తకాలు చదివి అక్కడికొచ్చాక అలా జరిగితే అంతకన్నా అన్యాయం లేదు.

ప్రస్తుతానికి రెండో పుస్తకం ఒక్కటే కొనండి. స్పీడీ కథ అయ్యాక మ్యాగీ ఏమైందోనని అనిపిస్తే అప్పుడు మొదటి పుస్తకం దుమ్ము దులిపి ‘మెకానిక్స్’ ఉత్తరాలు చదివి, మూడోదానికి వెళ్లండి. అనిపించకపోతే మిగతావాటి మీద డబ్బు తగలెయ్యకండి, ఎవరెంత పొగిడినా సరే.